సోలార్ వేడినీళ్ల కుళాయి సన్నగా కారుతుంటే

చలి మొదలయ్యేసరికి డెల్టా ఊళ్లలో ప్లంబర్లు తరచూ వినే మాట ఇది: "చన్నీళ్లు బ్రహ్మాండంగా వస్తున్నాయండీ, వేడినీళ్లు మాత్రం దారంలా కారుతున్నాయి." ఆ వెంటనే సోలార్ పాడైందని తేల్చేసి కొత్త ట్యాంకుకో ప్రెషర్ పంపుకో బేరం పెట్టేస్తారు. నా మటుకు నేను, రూపాయి ఖర్చుపెట్టేముందు ఒక బకెట్టు, చేతి గడియారం పట్టుకుని గంటసేపు డాబా ఎక్కి దిగమంటాను. నీళ్లు వేడెక్కకపోతే హీటరును అనుమానించాలి. వేడెక్కి కూడా రావడం లేదంటే తప్పు చాలావరకు హీటరులోకి వచ్చే పైపులోనో, అందులోంచి పోయే పైపులోనో, పైకి నిలబెట్టిన గాలి గొట్టంలోనో ఉంటుంది.

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రాజోలు వైపు మేడలమీద ఎక్కువగా కనిపించే రకం గురించే ఇక్కడ రాస్తున్నాను. గాజు గొట్టాలు, పైన 100 నుంచి 200 లీటర్ల అడ్డం ట్యాంకు, ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి దానంతటది దిగే నీళ్లు. దీన్నే ప్రెషర్ లేని రకం అంటారు.

ముందు ఒక సంగతి స్పష్టంగా ఉండాలి. వేడినీళ్లను కుళాయి దాకా తోసేది సోలార్ ట్యాంకు కాదు, ఓవర్‌హెడ్ ట్యాంకులోని నీటిమట్టం. 10 మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ప్రెషర్. డాబా నుంచి 10 అడుగుల ఎత్తున నీటిమట్టం ఉండి, పై అంతస్తు షవర్ శ్లాబుకు 3 అడుగుల కింద ఉంటే మొత్తం ఎత్తు 13 అడుగులు, అంటే 4 మీటర్లు, అంటే 0.4 కిలో. ఉన్నదంతా అదే. దారిలో వాల్వులు, వంపులు, సన్న పైపులు తినేయగా మిగిలిందే షవర్‌లోంచి వస్తుంది. కింది అంతస్తుకు ఇంకో 10 అడుగులు కలిసొస్తుంది కాబట్టి ఫిర్యాదు ఎప్పుడూ పై అంతస్తు నుంచే మొదలవుతుంది. హోటళ్లలో చూసి పెట్టించుకునే పళ్లెమంత షవర్లకు ఈ ప్రెషర్ ఎలాగూ చాలదు. వాటికోసం సోలార్‌ను తిట్టుకుని లాభం లేదు.

ఇప్పుడు బకెట్టు. 20 లీటర్ల పెయింటు డబ్బా అయితే మంచిది. ఒకే బాత్‌రూంలో ముందు చన్నీళ్ల కుళాయి, తర్వాత వేడినీళ్ల కుళాయి పూర్తిగా తిప్పి, నిండడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. షవర్ దగ్గర వద్దు, కింద బకెట్టు కుళాయి దగ్గరే చూడాలి. నిమిషంలో నిండితే నిమిషానికి 20 లీటర్లు, రెండు నిమిషాలైతే 10. వేడినీళ్ల దారి పొడవెక్కువ కాబట్టి కాస్త తగ్గడం మామూలే. చన్నీళ్లలో సగం కూడా రాకపోతే ఎక్కడో అడ్డుంది. రెండూ ఒకేలా, రెండూ నీరసంగా వస్తే అడ్డేమీ లేదు, ఓవర్‌హెడ్ ట్యాంకు ఎత్తే చాలలేదు.

ధార ఎలా వస్తుందో కూడా గమనించండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఒక్క కుళాయి దగ్గరే సన్నగా ఉంటే ఆ కుళాయి జాలీ, కింద యాంగిల్ కాక్ (గోడ దగ్గరి చిన్న వాల్వు), మిక్సర్ లోపలి కార్ట్రిడ్జ్ (నీళ్లను తెరిచి మూసే బిళ్ల) చూడాలి. అన్నిచోట్లా సన్నగా ఉంటే తప్పు అందరికీ కలిసిన పైపులో ఉన్నట్టు. బుస్సుబుస్సుమని దగ్గుతూ వస్తే గాలి చేరింది. తిప్పగానే జోరుగా వచ్చి కొన్ని క్షణాల్లో నీరసపడితే, సోలార్ ట్యాంకులోకి నీళ్లు సరిపడా దిగడం లేదు. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ చివరి దాని దగ్గరే. మొదట జోరుగా వచ్చింది కదా, పైపులు బాగానే ఉన్నాయి, సోలార్‌దే తప్పు అనుకుంటారు. జరిగేది వేరు. కుళాయి తిప్పగానే గాలి గొట్టంలో నిలిచిన నీళ్లు ముందు దిగిపోతాయి. ఇన్‌లెట్ నుంచి, అంటే ట్యాంకులోకి నీళ్లొచ్చే పైపు నుంచి, అంత వేగంగా నీళ్లు రాకపోతే ఆ గొట్టం ఖాళీ అయి ట్యాంకులోకి గాలి పీలుస్తుంది. అప్పటినుంచి ఓవర్‌హెడ్ ట్యాంకు ఎత్తు మనకు పనికిరాదు. సోలార్ ట్యాంకు మట్టం నుంచి కుళాయి దాకా ఉన్న ఎత్తే మిగులుతుంది. ఆ మట్టం కూడా అవుట్‌లెట్ (వేడినీళ్లు బయటికి పోయే మూతి) దాకా దిగితే ఇక గాలీ నీళ్లూ కలిసి దగ్గుతాయి.

ఈ గాలి గొట్టం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ట్యాంకు పైభాగం నుంచి నిటారుగా లేచి, ఓవర్‌హెడ్ ట్యాంకు నిండినప్పటి మట్టం కన్నా ఒకటి రెండు అడుగులు పైకి వెళ్లి, కొస కిందికి వంగి ఉండాలి. మధ్యలో వాల్వు, మూత, ఇంకో పైపుకు జాయింటు ఏదీ ఉండకూడదు. కొన్ని ఇళ్లలో పొట్టిగా పెడతారు. ఓవర్‌హెడ్ నిండినప్పుడల్లా అందులోంచి నీళ్లు పొర్లి డాబా తడుస్తుంది. అది చూడలేక ఎవరో ఒకరు కొసకు మూత బిగిస్తారు, లేదా గుడ్డ కుక్కుతారు. వేడెక్కే నీళ్లలోంచి గాలి విడుతూనే ఉంటుంది. దానికి బయటికి దారి లేక అవుట్‌లెట్ పైపులో చేరి ధారను ఆపేస్తుంది. ఇంతటితో పోతే మంచిదే. వేసవి మధ్యాహ్నం నీళ్లు మరిగితే ఆవిరికి దారి లేక ట్యాంకు ఉబ్బి అతుకులు ఊడతాయి. ఇన్‌లెట్ కట్టేసి నీళ్లు వదిలితే లోపలి స్టీలు డొల్ల లోపలికి నొక్కుకుపోతుంది. మూత కనిపిస్తే చల్లగా ఉన్న వేళ చూసి ముందు దాన్ని తీసేయండి, గొట్టం పొడవు పెంచండి, మిగతా సంగతులు తర్వాత.

ఇదే గొట్టం మంచి మీటరు కూడా. తాపీమేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన గొట్టం ఉంటుంది కదా, అది చాలు. ఎండ రాకముందే చేయాలి, ట్యాంకులో రాత్రి మిగిలిన వేడినీళ్లు ఉంటాయి కాబట్టి చేతులు జాగ్రత్త. ఇన్‌లెట్ వాల్వు కట్టేసి, కింద వేడినీళ్ల కుళాయి కొద్దిగా తిప్పి ట్యాంకు మట్టం రెండంగుళాలు దిగనివ్వండి. గాలి గొట్టాన్ని ట్యాంకు మీది నిపుల్ (మరల పొట్టి ముక్క) దగ్గర విప్పి, దాని స్థానంలో లెవెల్ గొట్టం క్లిప్పుతో బిగించి, వెదురు గడకు కట్టి ఓవర్‌హెడ్ ట్యాంకు అంచు దాటేలా నిలబెట్టండి. వాల్వు తిప్పి నింపండి. కుళాయిలన్నీ కట్టేసి ఉండగా గొట్టంలో నీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకు మట్టానికి సరిగ్గా సమానంగా నిలవాలి. ఇప్పుడు కింద ఒక వేడినీళ్ల కుళాయి పూర్తిగా తిప్పించండి. గొట్టంలో మట్టం ఎంత దిగి నిలబడిందో, ఇన్‌లెట్ దారి అంత ఎత్తును తినేస్తోందన్నమాట. జానెడు, అడుగు దిగితే ఫర్వాలేదు. మొత్తం దిగిపోయి ట్యాంకులో గుడగుడమంటే అడ్డు ఇన్‌లెట్‌లో ఉంది. మట్టం దాదాపు కదలకుండా ఉండి కుళాయి మాత్రం సన్నగా కారుతుంటే అడ్డు ట్యాంకు తర్వాతి పైపులో ఉంది. పైపులు కోయకుండానే తప్పు ఏ వైపు ఉందో తెలిసిపోతుంది. ఈ పరీక్ష అడిగి చేయించండి. తొందరలో ఉన్న ప్లంబరు తనంతట తాను చేయడు.

ఇన్‌లెట్ వైపు అని తేలితే మొదటి అనుమానం గేట్ వాల్వు మీద. ఉప్పు గాలి, ఉప్పు బోరు నీళ్లు ఉన్న నరసాపురం, మొగల్తూరు, అంతర్వేది వైపు ఇత్తడి వాల్వు లోపల స్పిండిల్ తినేసి, బిళ్ల దానినుంచి ఊడి సగం కిందికి జారి ఉంటుంది. పైన చక్రం చక్కగా తిరుగుతుంది, లోపల బిళ్ల కదలదు. తెరిచే ఉందండీ అంటారు, నిజానికి సగం మూసే ఉంటుంది. దాన్ని బాగుచేసే ప్రయత్నం వద్దు. అంగుళం ఫుల్ బోర్ బాల్ వాల్వు వేయించి, పక్కనే ఒక యూనియన్ (పైపు కోయకుండా విప్పుకునే జాయింటు) పెట్టించండి. బాల్ వాల్వు కొనేటప్పుడు లోపలికి చూడండి. రంధ్రం పైపు లోపలి వెడల్పంత ఉండాలి, చౌకరకాల్లో దానిలో సగమే ఉంటుంది.

రెండోది, సోలార్‌కు విడిగా పైపు లేకపోవడం. ఖర్చు తగ్గుతుందని బాత్‌రూములకు దిగే చన్నీళ్ల పైపుకు టీ వేసి సోలార్‌కు ఇచ్చేస్తారు. ఎవరైనా ఫ్లష్ నొక్కితే, కింద బట్టల మిషను నీళ్లు లాగితే వేడినీళ్లు నీరసపడిపోతాయి. సంక్రాంతికి చుట్టాలొచ్చి భోగినాడు తెల్లవారకముందే అన్ని బాత్‌రూముల్లో తలంట్లు మొదలైతే అసలు రంగు బయటపడుతుంది. సోలార్ ఇన్‌లెట్ ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి సొంతంగా, అంగుళం పైపుతో రావాలి.

మూడోది ఒండ్రు. వరద ఎర్రనీళ్ల రోజుల్లో కాలవ నీళ్లో చెరువు నీళ్లో సరిగా తేరకుండానే మోటారుతో పైకెక్కించే ఇళ్లలో ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగున మెత్తటి బురద పేరుతుంది. సోలార్ పైపు అడుగుకు ఆనుకుని ఉంటే బురద అంతా దాంట్లోకే పోతుంది. అడుగు నుంచి మూడంగుళాలు ఎత్తులో ఉండాలి. వేడినీళ్లు వెనక్కి ఎక్కకుండా ఇన్‌లెట్ పైపును సోలార్ ట్యాంకు దగ్గర కిందికి వంచి యూ ఆకారంలో తీసుకెళ్లడం మంచి పద్ధతే. కానీ ఆ వంపు అడుగునే ఒండ్రు గట్టిపడుతుంది. అక్కడ మామూలు ఎల్బో బదులు టీ వేసి, కింది మూతికి ప్లగ్గు పెట్టిస్తే ఏడాదికోసారి విప్పి కడుక్కోవచ్చు.

ఓవర్‌హెడ్ ట్యాంకు మరీ ఎత్తుగా ఉన్న ఇళ్లలో మధ్యలో ఫ్లోట్ ఉన్న చిన్న ఫీడర్ ట్యాంకు పెడతారు. గాజు గొట్టాల దగ్గరి సిలికాన్ రింగులు ఎక్కువ ఎత్తు నీళ్లకు ఆగవు కాబట్టి అది అవసరమే. అయితే ఫ్లోట్ వాల్వు రంధ్రం పెన్సిలంత ఉంటుంది. దాంట్లోంచి ఎన్ని నీళ్లు దిగితే కాసేపటికి కుళాయిలోంచీ అన్నే వస్తాయి. సైజు పెద్ద ఫ్లోట్ వేయించాలి, వాల్వు సీటు దగ్గర ఇరుక్కున్న నాచు, ఇసుక తీయించాలి.

అడ్డు ట్యాంకు తర్వాత అని తేలితే ముందు పైపు ఎలా వెళ్లిందో కంటితో చూడండి. సోలార్ అవుట్‌లెట్ నుంచి పైపు నేరుగా కిందికి వాలుగా పోవాలి. చాలాచోట్ల డాబా మీద పరుచుకుని వెళ్లి, పిట్టగోడ ఎక్కి, అవతలికి దిగుతుంది. అవుట్‌లెట్ కన్నా ఎత్తుగా లేచినా, మధ్యలో ఎక్కి దిగినా, ఆ ఎక్కినచోట గాలి చేరుతుంది. మన దగ్గరున్న కాస్త ప్రెషర్‌కు ఆ బుడగను తోసేసే బలం ఉండదు. పిట్టగోడ ఎక్కించకండి, గోడకు అడుగున రంధ్రం కొట్టించి పైపు అందులోంచి తీయండి. ఎక్కించక తప్పకపోతే ఎత్తైన చోట టీ వేసి, అక్కడినుంచి ఇంకో సన్న గాలి గొట్టాన్ని ఓవర్‌హెడ్ మట్టం దాటేలా నిలబెట్టండి.

ఇప్పటికిప్పుడు గాలి తీయాలంటే చన్నీళ్లతో వెనక్కి తోయడమే. రెండు పిడుల మిక్సర్ ఉంటే దాని మూతికి అరచెయ్యి గట్టిగా ఆనించి రెండు వైపులా తిప్పండి. చన్నీళ్లు వేడినీళ్ల పైపులోకి ఎక్కుతాయి. కాకపోతే చన్నీళ్ల కుళాయి నుంచి వేడినీళ్ల కుళాయికి గొట్టం తగిలించండి. ఓవర్‌హెడ్ నీళ్లతో ఇది ఒక్కోసారి చాలదు, చన్నీళ్లకూ అదే ప్రెషర్ కదా. మోటారు నుంచి నేరుగా వచ్చే కుళాయి ఉంటే దాన్ని వాడండి, కానీ అర నిమిషం మించి వద్దు. డాబా మీద గాలి గొట్టంలోంచి నీళ్లు పొర్లుతాయి కాబట్టి అక్కడ ఎవరూ నిలబడకూడదు. ఎండవేళ ఆ నీళ్లు కాలుతాయి.

ఇక పైపు సైజు. పాత జీఐ (జింకు పూత ఇనుము) అర అంగుళం పైపు తీసి సీపీవీసీ (వేడినీళ్లకు పనికొచ్చే ప్లాస్టిక్) అర అంగుళం వేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. పేరుకు రెండూ అర అంగుళమే. సీపీవీసీ లోపలి వెడల్పు 12 మిల్లీమీటర్ల పైచిలుకు, జీఐకి సుమారు 16. లెక్క చూడండి: నిమిషానికి 10 లీటర్లు పోవాలంటే అర అంగుళం సీపీవీసీ ప్రతి 10 మీటర్లకు దాదాపు 2 మీటర్ల ఎత్తును తినేస్తుంది. ముప్పావు అంగుళం అయితే 30 సెంటీమీటర్లే. పై అంతస్తుకు మన దగ్గర ఉన్నది మొత్తం 4 మీటర్లని గుర్తుంచుకోండి. సోలార్ నుంచి దిగే ముఖ్యమైన పైపు అంగుళం, బాత్‌రూం దాకా ముప్పావు, గోడలో చివరి రెండు మూడు అడుగులు మాత్రమే అర అంగుళం ఉండాలి. తెల్లటి మామూలు పీవీసీ వేసి ఉంటే ఇంకేమీ వెతకనక్కర్లేదు. 60 డిగ్రీల నీళ్లకు అది మెత్తబడి క్లాంపుల మధ్య జోలెలా వేలాడుతుంది, ప్రతి వేలాటకు అటూ ఇటూ గాలి నిలుస్తుంది. సీపీవీసీకైనా ఎండలో మూడడుగులకొక క్లాంపు, పైన ఇన్సులేషన్ తొడుగు తప్పవు.

నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు, అంటే ఎన్‌ఆర్‌వీ, ఉందేమో చూడండి. స్ప్రింగు రకం ఉంటే ఆ స్ప్రింగును తోయడానికే మన ప్రెషర్‌లో కొంత పోతుంది. ఇలాంటి పైపుల మీద రెక్క రకమే వాడాలి. అదికూడా అడ్డంగా ఉన్న పైపు మీద, బాణం గుర్తు నీళ్లు పోయే వైపు ఉండేలా. కిందికి దిగే పైపులో పెడితే రెక్క సరిగా మూసుకోదు.

కొన్న కొత్తలో బాగా వచ్చి, ఏడాది రెండేళ్లలో మెల్లమెల్లగా తగ్గితే అది సున్నపు పొర పని. ఇక్కడ టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపే) మీటరు చూసి భయపడకండి, నమ్మకండి కూడా. మన తీరం వైపు బోర్లలో ఎక్కువగా కరిగి ఉండేది మామూలు ఉప్పు. అది పొర కట్టదు, కానీ ఇనుమును, ఇత్తడిని తినేస్తుంది. పొర కట్టేది కాల్షియం, మెగ్నీషియం. వాటిని కఠినత్వం చూసే చుక్కల కిట్‌తోనే కొలవాలి. తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వం చాలంటుంది, వేరే నీళ్లు దొరకనిచోట 600 దాకా ఒప్పుకుంటుంది. వేడెక్కించే నీళ్లకు 200 దాటితే చాలు, పొర ఇబ్బంది పెడుతుంది. కిట్ లేకపోతే పాత గుర్తులే: సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు. వేసవిలో కాలవలు కట్టేసి అందరూ బోరు మీద పడే నెలల్లో పొర గబగబా పెరుగుతుంది. కాలవ నీళ్లు ఉన్నన్నాళ్లూ సోలార్‌కు అవే ఇవ్వడం మేలు, తేర్చి ఇవ్వాలి అంతే.

పొరో ఒండ్రో తెలియాలంటే షవర్ జాలీ నుంచి కాస్త గీకి దానిమీద నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లు రెండు చుక్కలు వేయండి. బుసబుసమని పొంగితే సున్నం. ఊరికే కరిగి బురదైతే ఒండ్రు, దానికి కడగడమే మందు. సున్నానికి లీటరుకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, జాలీలు, కార్ట్రిడ్జ్‌లు రెండు గంటలు నానబెట్టండి. పైపులకైతే ఇన్‌లెట్ కట్టేసి, రెండు చివరలా యూనియన్లు విప్పి, చిన్న పంపుతో అదే ద్రావణాన్ని రెండు మూడు గంటలు తిప్పి, తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి. కిలో నిమ్మ ఉప్పు ఎంత చేసినా సుమారు ముప్పాతిక కిలో సున్నాన్నే కరిగిస్తుంది కాబట్టి, పొంగడం ఆగిపోయి ఇంకా పొర ఉంటే కొత్తది కలపండి. బాత్‌రూములు కడిగే యాసిడ్ మాత్రం ట్యాంకు దరిదాపులకు రానివ్వొద్దు. అందులోని క్లోరైడు స్టీలు ట్యాంకుకు సూదిబెజ్జాలు పెడుతుంది, జీఐ పైపు మీద జింకును క్షణాల్లో లేపేస్తుంది.

ట్యాంకు కడగడానికి సాయంత్రం లేదా తెల్లవారుజామే. ఎండలో గాజు గొట్టాలు ఖాళీగా ఉండి, వాటిలోకి చన్నీళ్లు వదిలితే టప్‌మని పగులుతాయి. పగలు చేయక తప్పకపోతే ముందురోజు రాత్రే టార్పాలిన్ కప్పి ఉంచండి. 58 మిల్లీమీటర్ల వెడల్పు, 1800 పొడవు ఉన్న గొట్టం ఒక్కొక్కటి రెండున్నర లీటర్లు పట్టుకుంటుంది, అడుగున జానెడు బురద ఉండడం మామూలే. దానివల్ల నీళ్లు తక్కువ వేడెక్కుతాయి తప్ప ధార తగ్గదు. ఈ రెంటినీ కలిపి గొట్టాలు మార్పించేవాళ్లుంటారు, జాగ్రత్త.

రాగి రేకుల పాతరకం ప్లేటు సోలార్ అయితే లెక్క వేరు. అక్కడ కుళాయిలో ధార బాగుండి, నీళ్లు గోరువెచ్చగా ఉండి, ప్లేటు పైభాగం మాత్రం ముట్టుకోలేనంత కాలుతుంటే ప్లేటుకూ ట్యాంకుకూ మధ్య నీళ్లు తిరగడం లేదు. ట్యాంకు అడుగు ప్లేటు పైఅంచు కన్నా ఎత్తులో ఉందా, ప్లేటు నుంచి ట్యాంకుకు వెళ్లే వేడి పైపు మొత్తం ఎక్కుతూనే పోతోందా చూడండి. స్టాండు కాలు ఒకటి తుప్పుపట్టి రెండంగుళాలు కుంగినా అక్కడ గాలి నిలిచి తిరగడం ఆగిపోతుంది.

చివరకు ప్రెషర్ పంపు. ఇన్‌లెట్ వైపు ఎప్పుడూ పెట్టకూడదు. ప్రెషర్ లేని ట్యాంకులోకి పంపు తోస్తే గాలి గొట్టం పొర్లుతుంది, రింగులు కారతాయి. పెడితే అవుట్‌లెట్ వైపే పెట్టాలి. వేడినీళ్లకు పనికొచ్చేదని రాసి ఉండాలి, నీళ్లు కదిలితేనే పంపు నడిపే ఫ్లో స్విచ్ ఉండాలి. అదీ ఇన్‌లెట్ బాగుచేశాకే. ఇన్‌లెట్ నిమిషానికి 8 లీటర్లు ఇస్తుంటే 20 లాగే పంపు పెట్టి ప్రయోజనం లేదు, మిగతా 12 లీటర్ల చోటూ గాలి గొట్టంలోంచి వచ్చే గాలితోనే నిండుతుంది. చన్నీళ్లకు మాత్రమే పంపు పెట్టినా చిక్కే. మిక్సర్‌లో చన్నీళ్లు వేడినీళ్ల పైపులోకి దూరి వేడినీళ్లు రాకుండా చేస్తాయి, డాబా మీద గొట్టం పొర్లుతుంది. ఆ ఇంట్లో వేడినీళ్ల పైపుకు రెక్క ఎన్‌ఆర్‌వీ తప్పనిసరి. నన్నడిగితే, పంపుకు పెట్టే డబ్బుతో ఓవర్‌హెడ్ ట్యాంకు కింద మూడడుగుల ఇటుక దిమ్మె లేపించడం నయం, కరెంటు పోయినా పనిచేస్తుంది. దిమ్మె గోడల మీదికి లేదా బీముల మీదికి రావాలి, వట్టి శ్లాబు మధ్యలో కాదు. వెయ్యి లీటర్ల ట్యాంకంటే నీళ్లే టన్ను బరువు. ట్యాంకు లేపినప్పుడు గాలి గొట్టాన్ని కూడా అంతే పెంచాలి, సోలార్ ట్యాంకు ఆ ఎత్తుకు ఆగుతుందో లేదో దాని లేబులు మీద చూసుకోవాలి.